పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు రెండు సంతకాలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో పెట్రోలు బంకులు మూతపడుతున్నాయని, బంద్‌లకు భయపడి నేను కరెంటు కారు కొన్నానని మా బంధువుల్లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఎంత ముందుచూపో అని ఒకరంటే, ముందుచూపు కాదు పర్యావరణం పిచ్చి అని ఇంకొకరంటారు. నేను అదే బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటూ ఉంటాను. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

రెండూ అబద్ధాలే. బంద్ రోజున మా కాలేజీ కూడా బందే. కాలేజీ లేని రోజున కారేసుకుని ఎక్కడికి పోవాలి? కొత్తపేటలో బత్తాయిలు బేరం చెయ్యడానికా? ఇక పర్యావరణం సంగతి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ రోజుల్లో ఆ కారు బ్యాటరీలలో ఉండేది సీసమూ గంధకామ్లమూ. వాటిని సీటు కింద పెట్టుకుని తిరుగుతూ భూమిని ఉద్ధరిస్తున్నానని అనుకునేంత అమాయకురాలిని కాను.

నేను ఆ కారు కొన్నది నా ఎడమ మోకాలి కోసం.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద ఉండగా బస్సు కదిలింది. తర్వాత నాకు తెలిసింది సైదాబాదులో ఒక చిన్న దవాఖాన పైకప్పు, అక్కడి డాక్టరు మాట. మోకాలి కింద స్టీలు పట్టీ వేసి స్క్రూలు బిగించాడు. నడవొచ్చన్నాడు, మెట్లు తగ్గించమన్నాడు. బస్సు వద్దు, స్కూటర్ వద్దు, కారు నేర్చుకునే ఆలోచన ఉంటే క్లచ్ మాత్రం తొక్కొద్దు అన్నాడు. అప్పటి నుంచి మన్సూరాబాద్‌లోని మా అపార్ట్‌మెంటు నుంచి కాలేజీకి ఆటోలే. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నేను కొట్లాడని ఆటో డ్రైవరు లేడు. రాస్తారోకో జరిగిన ఒక మధ్యాహ్నం ఆటోవాడు చైతన్యపురిలో దించేసి, ఇంక ముందుకు పోదమ్మా అన్నాడు. ఆ కాలితో ఇంటిదాకా నడిచాను. మర్నాటికి మోకాలు సొరకాయలా వాచింది. అదీ నా ముందుచూపు.

క్లచ్ లేని పెట్రోలు కార్లు అప్పటికే ఉన్నాయి. పెద్దవి. మా సెల్లారులో రెండు పిల్లర్ల మధ్య నాకు రాసిచ్చిన జాగాలో అవి పట్టవు. పట్టేది ఒక్కటే. రెండు తలుపులు, ముందు ఇద్దరు కూర్చుంటే వెనక పిల్లలు కూడా కష్టంగా పట్టే ఆ బుడ్డ కారు. నగరానికి ఆ కొసన ఉన్న షోరూముకు ఒక్కదాన్నే వెళ్లాను. వెనక సందులో నడిపి చూశాను. రెండే పెడళ్లు, రెండూ కుడికాలికే. ఎడమకాలు ఏ పనీ లేకుండా ఊరికే కూర్చుంది. కాలు విరిగిన రెండేళ్ల తర్వాత నా శరీరంలో ఒక భాగం తన మానాన తాను ఉండటం అదే మొదలు. దిగి, ఇదే కావాలని చెప్పాను.

షోరూం మేనేజరు ఒక్క షరతు చెప్పాడు. కారు నిలిపేచోట పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. అపార్ట్‌మెంటు కాబట్టి గోడకు ప్లగ్గు బిగించుకోవడానికి తమకు అభ్యంతరం లేదని అసోసియేషన్ ఉత్తరం ఇవ్వాలి. దాని మీద ప్రెసిడెంటు, సెక్రటరీ, ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆ ఉత్తరం చేతికి వచ్చాకే డెలివరీ.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే మేడమ్," అన్నాడు పాపం.

మా అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లు. సగం మా నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లం, సగం కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ప్రెసిడెంటు మావాడు, బస్సు డిపోలో పనిచేసి రిటైరైనాడు, ఒకే జిల్లా కాబట్టి నన్ను చెల్లె అంటాడు. సెక్రటరీ తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు ఉంది, అందర్నీ గారూ అంటాడు. ఉద్యమం ముదిరిన దగ్గర నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏడాదిన్నర పాటు నీళ్ల ట్యాంకు కడగాలా వద్దా అన్న సంగతి కూడా వాచ్‌మన్ ద్వారా అడిగించుకున్నారు.

ఉత్తరం నేనే రాసి, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, మొదట మూడో అంతస్తులో ప్రెసిడెంటు ఇంటికి పోయాను. ఆయన కూర్చోబెట్టాడు, చాయ్ ఇప్పించాడు, ఉత్తరం మొత్తం చదివాడు.

"పని మంచిదే చెల్లె. ప్లగ్గు పెట్టుకో, నాకేం లేదు. కాని గీ పైన జూడు. గిదేంది?"

లెటర్‌హెడ్ అడ్రసు చివర అచ్చయి ఉన్న మాట మీద వేలు పెట్టాడు.

"ఆంధ్రప్రదేశ్," అన్నాను.

"గా మాటున్న కాయితం మీద నా సంతకం పడది. ఒట్టు పెట్టుకున్న."

"కరెంటు బిల్లు మీద గూడ గదే ఉంటది గదన్నా. తీసుకుంట లేవా?"

"అది వాళ్లు రాసింది. ఇది నేను రాసేది."

నిజం చెప్పొద్దూ, ఆ వాదన నాకు నచ్చింది. నేనూ ఉద్యమం మనిషినే. కాలేజీ లెక్చరర్లంతా కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో టెంటు వేసి దీక్షకు కూర్చున్నప్పుడు వాచిన కాలు ముందుకు చాపుకుని నేనూ కూర్చున్నాను. అందుకే అక్కడికక్కడే పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పక్కన తెలంగాణ అని రాశాను. ఆయన మురిసిపోయాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

"ముందుగాల ఆయనతోని పెట్టిచ్చుకరా. ఆయన పెడితె నేను పెట్టనా?"

సెక్రటరీ ఉండేది ఐదో అంతస్తు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. డాక్టరు తగ్గించమన్న మెట్లు ఎక్కాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆ లెటర్‌హెడ్డు ఆయన ప్రెస్సులో అచ్చయిందే.

"లెటర్‌హెడ్ మీద కొట్టివేతలుంటే చెల్లదండీ మేడమ్ గారూ. పైగా ఇంకా రాని రాష్ట్రం పేరు మీద నేనెలా సంతకం పెడతానండీ?"

"వస్తది గదా."

"వచ్చాక రండి, తప్పకుండా పెడతాను." తర్వాత జాలిగా నవ్వి అన్నాడు, "అయినా కరెంటే ఉండటంలేదు, కరెంటు కారు ఏం చేసుకుంటారండీ?"

"కరెంటు పోతే మీ లిఫ్టు గూడ ఆగుతుంది. తీసేసి తాడు కట్టుకుందామా?"

ఆయనకు నా మాట నచ్చలేదు. నాకూ ఆయన నవ్వు నచ్చలేదు. కొట్టివేత లేని కాగితం తెస్తే చూస్తానన్నాడు. అది తీసుకుపోతే ప్రెసిడెంటు చూడడు. ఇలా మూడు వారాలు మూడో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య తిరిగాను. షోరూం మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు. బండి వచ్చి ఉంది మేడమ్, వచ్చే శనివారం లోపల ఉత్తరం రాకపోతే లైన్లో తర్వాతి వారికి ఇచ్చేస్తాం, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నాడు.

చివరికి నాకొక ఉపాయం తట్టింది. లెటర్‌హెడ్డే లేకుండా తెల్లకాగితం మీద కొత్త ఉత్తరం టైపు చేయించాను. అడ్రసులో కాలనీ, మన్సూరాబాద్, ఎల్‌బీ నగర్, హైదరాబాద్, పిన్‌కోడ్. రాష్ట్రం లేదు. కింద అసోసియేషన్ స్టాంపు వేసుకుంటే సరిపోతుంది. ఆదివారం పొద్దున బోరు మోటారు కాలిపోయింది. చూడటానికి ఇద్దరూ సెల్లారులోకి దిగి, చెరో పిల్లరు పక్కన ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. ఇద్దరూ ఒకచోట దొరకడం అదే మొదటిసారి. కాగితం తీసుకుని మధ్యలోకి పోయాను.

"చూడుండ్రి. ఆ రాష్ట్రం లేదు, ఈ రాష్ట్రం లేదు. పిన్‌కోడు మీద ఎవరికన్నా కోపముందా?"

ప్రెసిడెంటు చదివాడు. సెక్రటరీకి అందించాడు. చేతికి చెయ్యి తగిలేలా, వాచ్‌మన్ అవసరం లేకుండా. సెక్రటరీ కూడా చదివాడు. అప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంత మంచిగనే ఉంది చెల్లె," అన్నాడు ప్రెసిడెంటు. "సార్ ఏడి?"

"ఏ సార్?"

"గదే, మీ సార్. ఒకసారి సార్‌ను రమ్మను."

"సార్‌తో ఏం పని? ఫ్లాటు నా పేరు మీదుంది. మీటరు నా పేరు మీదుంది. కారు నా పేరు మీద బుక్కయింది."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "అది కాదండీ మేడమ్ గారూ, అప్లికేషన్ సార్ గారు పెట్టుకుంటే బాగుంటుందండీ. రేపు ఏ షార్ట్ సర్క్యూటో అయిందనుకోండి..."

"అయితే మా సార్ వచ్చి వైరు పట్టుకుంటడా?"

"అట్లగాదు," ప్రెసిడెంటు అందుకున్నాడు. "మాట్లాడెతందుకు ఒక మొగమనిషి ఉండాలె గద."

"నేను మాట్లాడ్త లేనా?"

"మాట్లాడుతున్నవ్. అందుకే అంటున్న."

సెక్రటరీ ఫక్కున నవ్వాడు. ప్రెసిడెంటు కూడా నవ్వాడు. ఏడాదిన్నర తర్వాత ఇద్దరూ కలిసి నవ్విన నవ్వది. మధ్యలో నేనున్నాను, నా చేతిలో రాష్ట్రం లేని కాగితం ఉంది.

"మా లెక్చరర్ల టెంటు కాడికొచ్చి మైకు పట్టుకొని నువ్వేమన్నవన్నా?" అన్నాను. "ఆడబిడ్డలు ముందు నడవాలె అనలే? నా దిక్కు చెయ్యి చూపెట్టి అన్నవ్."

"అది వేరే, ఇది వేరే."

"ఏది వేరే?"

"అది రాష్ట్రం. ఇది సెల్లారు."

ఇది నేను కల్పించిన మాట కాదు. ఆ మనిషి అన్న మాట, ఆ సెల్లారులోనే, కాలిన మోటారు వాసనలో. సెక్రటరీ తల ఊపాడు. మూడు వారాలు నేను మెట్లెక్కింది ఒక రాష్ట్రం పేరు కోసమని అనుకున్నాను. ఇద్దరిలో ఒకరైనా నిజంగా దాని కోసం పట్టుబట్టి ఉంటే ఈ రోజుకీ గౌరవించేదాన్ని. పేరు తీసేశాక ఇద్దరి కిందా ఉన్న నేల ఒక్కటేనని తేలింది.

ఇంటికొచ్చి మా ఆయనతో తెగేసి చెప్పాను. ఆయన సాగునీటి శాఖలో గుమాస్తా. మెత్తటి మనిషి, అందరికీ ఇష్టుడు, ఎవరితోనూ చెడ్డ అనిపించుకోడు.

"మీరు మాత్రం వాళ్ల దగ్గరికి పోవద్దు. వాళ్లు పిలిచినా పోవద్దు. ఇది నేనే తేల్చుకుంట."

"సరే," అన్నాడు పేపరు వెనక నుంచి.

"ఒట్టు?"

"సరే అన్న గదా."

అసోసియేషన్ నిబంధనల పుస్తకం తీసి చదివాను. అడిగేవాళ్లది కాక ఐదు ఫ్లాట్ల యజమానులు సంతకం పెడితే సర్వసభ్య సమావేశం పిలవాల్సిందే, అక్కడ మెజారిటీ ఒప్పుకుంటే ప్రెసిడెంటూ సెక్రటరీ కాదనడానికి లేదు. శనివారానికి అందదని తెలుసు. ఈ కారు పోతే ఇంకోటి వచ్చేదాకా ఆగుతాను, కానీ ఉత్తరం నా పేరు మీదే రావాలి అనుకున్నాను. కాలేజీ నుంచి రాగానే తలుపులు కొట్టడం మొదలుపెట్టాను. "మా ఆయన రానీ అక్కా, అడిగి పెడ్త" అన్న ఆడవాళ్ల మీద కూడా నాకు తక్కువ కోపం రాలేదు. అయినా గురువారానికి నాలుగు సంతకాలు వచ్చాయి. రెండు మావాళ్లవి, రెండు కోస్తావాళ్లవి. ఐదోది, కింది ఫ్లాటు టీచరమ్మ, రేపు తప్పకుండా పెడతానని మాటిచ్చింది.

శుక్రవారం స్టాఫ్ రూములో ఉండగా షోరూం మేనేజరు ఫోను చేశాడు.

"మేడమ్, ఉత్తరం ముట్టింది. కంగ్రాట్యులేషన్స్. రేపు పది గంటలకు బండి మీ ఇంటికే తెస్తున్నాం."

"ఏ ఉత్తరం?"

"అసోసియేషన్ ఉత్తరం మేడమ్. పొద్దున సార్ వచ్చి ఇచ్చి వెళ్లారు."

మధ్యాహ్నం క్లాసులో నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. సాయంత్రం ఇంటికి పోయేసరికి సెల్లారు గోడకు ప్లగ్గు బిగించి ఉంది, సిమెంటు ఇంకా ఆరలేదు. మా ఆయన లేడు. ఆఫీసు పని మీద నల్లగొండ పోయి పొద్దున్నే వస్తానని చిట్టీ రాసిపెట్టాడు. నా కోపం గురించి ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

శనివారం కారు వచ్చింది. అపార్ట్‌మెంటు మొత్తం దిగింది. ఈ ముక్క మాత్రం బంధువులు చెప్పే కథలో నిజమే. ప్రెసిడెంటు స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు. సెక్రటరీ వంగి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఎవరో హారతి తెచ్చారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. మా అపార్ట్‌మెంటులో మొదటి కరెంటు కారు అని ప్రెసిడెంటు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు, తానే బ్యాటరీ కనిపెట్టినట్టు. షోరూం మనిషి తాళాలు తీసి, నా పక్క నుంచి చెయ్యి చాపి, అప్పుడే బస్సు దిగి వచ్చిన మా ఆయనకు ఇవ్వబోయాడు.

"మేడమ్‌కు ఇవ్వండి," అన్నాడు మా ఆయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత మంచివాడు అని కింది ఫ్లాటు టీచరమ్మ నా చెవిలో అంది. ఐదో సంతకం పెట్టాల్సిన మనిషి.

తాళాలు తీసుకున్నాను. డెలివరీ కాగితాల మీద సంతకం చెయ్యమని ఫైలు ఇచ్చాడు. నేను చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. అందరూ ఎండలో నిలబడి ఉండగా ఒక్కొక్క కాగితం తిప్పాను. నాలుగోది ఆ ఉత్తరం. అసోసియేషన్ లెటర్‌హెడ్డే. అడ్రసు చివర ఆ మాట అచ్చయి అలాగే ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు. నా భార్య వాడకం కోసం నేను తీసుకుంటున్న కారుకు, అని మొదలైంది. కింద దరఖాస్తుదారుగా మా ఆయన సంతకం. ఆ పక్కన ప్రెసిడెంటు, సెక్రటరీ. ఒకే పెన్నుతో, ఒకే నీలి సిరాతో, ఒకే బల్ల మీద కూర్చుని పెట్టినట్టు మూడు సంతకాలు వరసగా ఉన్నాయి.

ఆ కాగితం ప్రెసిడెంటు ముందు పెట్టాను.

"గీ పైన జూడన్నా. గిదేంది?"

ఆయన చూశాడు. హారతి పళ్లెం వైపు తిరిగాడు. "శుభమా అని బండొచ్చింది, ఇప్పుడెందుకు చెల్లె గవన్నీ," అన్నాడు.

డెలివరీ కాగితాల మీద సంతకం పెట్టి ఫైలు తిరిగి ఇచ్చేశాను. తలుపు తీసి కూర్చున్నాను. మా ఆయన అటువైపు తలుపు తియ్యబోతే లాక్ వేశాను. నిమ్మకాయలు చితికాయి.

ఒక్కదాన్నే ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయాను. ఆ కారుకు చప్పుడు లేదు. వెనక బండి ఉందని ఎవరికీ తెలియదు, ఎవరూ పక్కకు జరగరు. నేనే హారన్ కొట్టి మరీ చెప్పుకోవాల్సి వచ్చింది. చైతన్యపురి దగ్గర ఒక ఊరేగింపు ఎదురైంది. జెండా పట్టుకున్న ఒకామె కిటికీలోంచి వంగి, "గిది బొమ్మ కారా అక్కా?" అంది. కరెంటుదని చెప్పాను. "కరెంటు వస్తదా నీకు?" అని నవ్వి, ఊరేగింపును ఆపి నాకు దారి ఇప్పించింది. ఆ పూట నన్ను సార్ గురించి అడగని మనిషి ఆమె ఒక్కతే. ఎడమకాలు చాపుకుని కూర్చుని, కోపంతో ఏడుస్తూ, ఎంతో సుఖంగా నడిపాను. రెండూ ఒకేసారి కుదురుతాయని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక మా ఆయన్ను అడిగాను.

"ఒట్టు పెట్టి ఎందుకు పోయినవ్?" ఆ రోజు ఆయన్ను 'మీరు' అనాలని కూడా నాకు అనిపించలేదు.

"నేను ఒట్టు పెట్టలే. సరే అన్న. పని అయింది గదా. మూడు వారాలు కొట్లాడితివి, ఐదు నిమిషాల పని. చాయ్ తాగినం, సంతకాలు పెట్టిండ్రు."

"నాకు ఇంకొక్క సంతకం కావాల్సి ఉండె."

"ఆ సంతకం వచ్చేలోపల బండి పోతుండె. నీ కాలు నేను చూస్త లేనా?"

ఆయన కాలు చూశాడు. దాన్ని నేను కాదనను. ఆ కారు ఆరేళ్లు తిప్పాను, బ్యాటరీలు ఒకసారి మార్చాను, ఒక్కరోజు కూడా ఆటోవాడితో కొట్లాడలేదు. ఈలోగా రాష్ట్రం వచ్చింది. సెక్రటరీ తన ప్రెస్సులోనే తెలంగాణ అని కొత్త లెటర్‌హెడ్లు అచ్చువేయించాడు. ప్రెసిడెంటూ సెక్రటరీ ఇప్పుడు పొద్దున్నే కలిసి వాకింగ్‌కు పోతారు. సెల్లారులో ఇప్పుడు ఆరు ప్లగ్గులున్నాయి, ఆరు దరఖాస్తుల మీదా మగవాళ్ల సంతకాలే. నాకు తెలుసు, ఫైలు అడిగి చూశాను.

నేను ఓడిపోయి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో. నేను గెలవబోయాను. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఒక ఆడది తన పేరు మీద ఒక ప్లగ్గు పెట్టించుకోగలదో లేదో తేల్చే సమావేశానికి ఇంకొక్క సంతకం ఉందనగా, నా మంచికే, ప్రేమతోనే, దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నారు. ఎన్నోసార్లు మా ఆయన్ను ఒకే ప్రశ్న అడిగాను. మొదట్లో చాయ్ తాగినమని చెప్పేవాడు. తర్వాత నవ్వేవాడు. ఇప్పుడు టీవీ సౌండ్ పెంచుతాడు.

ప్రెసిడెంటుకు ఆ మాట మీద ఒట్టుంది. సెక్రటరీకి ఆయనతో మాటల్లేవు. మూడు వారాలు నా నోటి నుంచి వచ్చిన ఏ న్యాయమూ కదిలించని ఆ ఇద్దర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, ఆ అచ్చు మాట కిందే, ఒక్క పెన్నుతో సంతకం చేయించడానికి, ఆ ఐదు నిమిషాల్లో మీరు నా గురించి వాళ్లతో ఏమన్నారు?